ఊదితే తిరిగిన మీటరు

పోయిన వారం మనం మీటరమ్మను పిన్ని ఇంటి గోడ పక్కన, పొడి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. నీటి సరఫరా సంస్థలో మీటర్ల పరీక్ష గదికి ఇంజనీరు కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఇప్పుడు ఆమెను పిలిచేది జీతాల విభాగం ఒక్కటే. ఊరంతా పాత మీటర్లు పీకేసి స్మార్ట్ మీటర్లు బిగించాలని సంస్థ తీర్మానించింది. పోటీలో రెండు కంపెనీలు మిగిలాయి. రెంటి మీటర్లనూ చెరో వీధిలో బిగించి చూస్తున్నారు. అమ్మ పోయాక అక్కనూ ఆమెనూ పెంచిన పిన్ని, రెండో కంపెనీ మీటర్లు పెట్టిన వీధి చివర మెరక మీద ఇంట్లో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడుపుతోంది. కొత్త మీటరు వచ్చిన దగ్గర్నుంచి తాను వాడని నీళ్ళకు బిల్లు వస్తోందని పిన్ని మొత్తుకుంటే, పొద్దున నీళ్ళు వదిలే వేళకు మీటరమ్మ వెళ్ళి చూసింది. కుళాయి విప్పే ఉంది. చుక్క రాలేదు. పైపులోంచి బుస్సుమని గాలి మాత్రం వస్తోంది. ఆ గాలికే మీటరులో అంకెలు గబగబా పైకి ఎక్కుతున్నాయి.

ఆ ఊళ్ళో నీళ్ళు రోజంతా రావు. పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు వదులుతారు. మధ్యలో పైపులన్నీ ఖాళీ. మళ్ళీ వదిలినప్పుడు వచ్చే నీళ్ళు పైపుల్లో ఉన్న గాలినంతా ముందుకు తోస్తాయి. పల్లంలో ఇళ్ళకు ఆ గాలి చిటికెలో అయిపోయి నీళ్ళొస్తాయి. మెరక మీది ఇళ్ళకు మాత్రం చాలాసేపు గాలే.

ఆ మర్నాడే, ఆమె కూడా సభ్యురాలైన ఎంపిక కమిటీ ఆఖరి సమావేశం. ఆ కంపెనీ మీటరే ఒకటి పొడిగా తుడిచి సంచిలో వేసుకుని మీటరమ్మ మెట్లెక్కింది. లిఫ్టులో వెళ్ళవచ్చు. కాని లిఫ్టులో ఎవరో ఒకరు కనబడతారు, పలకరిస్తారు, పలకరిస్తే కోపం కాస్తా అక్కడే ఖర్చయిపోతుందని ఆమె భయం.

సమావేశాల గది గురించి ఒక్క మాట చెప్పాలి. ఊరికి నీళ్ళు పోసే సంస్థ కదా, ఆ గది బల్ల మీద మాత్రం వరసగా బయట కొన్న సీసా నీళ్ళు. పక్కనున్న బాత్రూములో కుళాయి తిప్పితే దగ్గుతుంది తప్ప ఏమీ రాలదు, అందుకని అక్కడ బకెట్టూ మగ్గూ. నేల మీది తివాచీ ఏ వానాకాలంలో తడిసిందో గాని, ఏసీ వేసినప్పుడల్లా తడికుక్క వాసన కొడుతుంది. ఏళ్ళ తరబడి వస్తున్న గదే అయినా ఆ రోజు ఆ వాసనకు ఆమెకు డోకొచ్చినంత పనయింది.

బల్ల చివర అధ్యక్షుడి కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. సంస్థకు చీఫ్ ఇంజనీరు, ఆమెకు అక్క మొగుడు. గేటు లోపల ఆయన ఆమెను మేడమ్ అంటాడు, ఆమె ఆయన్ను సార్ అంటుంది. గేటు దాటాక ఆయన బావగారు, ఆమె అమ్మాయి. అక్క పెళ్ళినాటికి మీటరమ్మ ఇంకా బడికి వెళ్ళే పిల్ల. మీటరు మీద నల్ల అంకెలు ఎందుకో ఎర్ర అంకెలు ఎందుకో మొట్టమొదట చూపించినవాడు ఈ బావే. తర్వాత ఆమె ఈ ఉద్యోగంలో చేరితే, పరీక్ష బల్ల దగ్గర పని నేర్పిందీ ఆయనే. లంచం ముట్టడని ఆయనకు ఊళ్ళో పేరుంది. నిజంగానే ముట్టడు. ఆ సంగతి గుర్తుంచుకోండి. లంచగొండి అయితే ఇంత అసహ్యం వేసేది కాదు.

ఆయనకు ఒక పక్క లెక్కల అధికారి. ఈ పెద్దమనిషి ఎవరి కళ్ళలోకీ చూడడు. ఎదుటివాళ్ళ భుజం మీద ఏదో పురుగు వాలినట్టు అక్కడే చూస్తూ మాట్లాడతాడు. రెండో పక్క ఆ రెండో కంపెనీ ప్రతినిధి. ఆఫీసులో ఈయన్ని నవ్వులాయన అంటారు. చావు కబురు చెప్పినా ఆ నవ్వు మొహం మీంచి దిగదు. క్రీము బిస్కెట్లు రెండుగా విడదీసి, క్రీము నాకేసి, బిస్కెట్టు ముక్కలు మళ్ళీ అందరూ తీసుకునే పళ్ళెంలోనే పెడుతున్నాడు. లెక్కల అధికారి చూడకుండా వాటిలోంచే ఒకటి తీసుకుని తిన్నాడు. మీటరమ్మ చూపు తిప్పుకుంది.

ఎంపిక చేసే గదిలో ఎంపిక కావలసినవాడు ఎందుకున్నాడని ఆమె అడిగింది. చివర్లో ఏదో చూపిస్తారు, అందుకు రమ్మన్నామని బావ మెత్తగా చెప్పాడు. మొదటి కంపెనీవాళ్ళను రమ్మన్నారా అంటే లెక్కల అధికారి గబగబా కాగితాలు తీశాడు.

లెక్కల అధికారి మార్కులు చదివాడు. మొదటి కంపెనీ మీటరులో తిరిగేది ఏదీ లేదు, నీళ్ళలోంచి శబ్దతరంగం పంపి వేగం కొలుస్తుంది. పైపు ఖాళీ అయితే ఖాళీ అని చూపించి ఊరుకుంటుంది. ధర కాస్త ఎక్కువ. రెండో కంపెనీది లోపల పాత చక్రమే, నెత్తిన రేడియో పెట్టె. ధర తక్కువ, ఇనుప మూత కింద ఉన్నా సిగ్నల్ బాగా అందుతుంది. బ్యాటరీలు రెండూ ఒకలాగే ఉన్నాయి. పోయిన సమావేశం దాకా మొదటిదే పైచేయి. ఈసారి మార్కుల్లో కొత్తగా ఒక అంశం మొలిచింది, దాని పేరు ఆదాయ మెరుగుదల. అందులో రెండో కంపెనీకి నిండా మార్కులు పడ్డాయి. పాత మీటర్లతో పోలిస్తే ఆ వీధిలో బిల్లులు బాగా పెరిగాయట. ఇన్నాళ్ళూ దొంగతనంగా పోతున్న నీళ్ళు ఇప్పుడు లెక్కకొచ్చాయని లెక్కల అధికారి ఆమె భుజానికి వివరించాడు.

మీటరమ్మ లేచి నిలబడింది. తన గదిలో పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పింది. మీటరును బల్ల మీది పైపుకు బిగిస్తారు. నీళ్ళు నింపుతారు. ముందుగా చివరనున్న గాలి కుళాయి విప్పి, బుడగలు పూర్తిగా ఆగేదాకా గాలంతా వదిలేస్తారు. ఆ తర్వాతే లెక్క మొదలు. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరైనా అలాగే చేస్తారు. గాలి తీయకుండా మొదలుపెట్టిన కుర్రాళ్ళను ఆమె నిలబెట్టి చీవాట్లు పెట్టిన రోజులున్నాయి. ఆ పద్ధతి ప్రకారం చూస్తే ఈ మీటరుకు వంక పెట్టడానికి లేదు. అందుకే సరిగ్గా కొలుస్తోందని తను సర్టిఫికెట్ ఇచ్చింది. తన గదిలో గాలి ఉండదు. వీధిలో ముందు వచ్చేది గాలే.

సంచిలోంచి మీటరు తీసి, తలకిందులు చేసి దులిపి చూపించింది.

"ఇందులో నీళ్ళు లేవు. చూడండి," అంది.

మీటరు నోటి దగ్గర పెట్టుకుని, వేడి పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు ముందు మెల్లగా, తర్వాత గట్టిగా ఊదింది. లోపల చక్రం గిరగిరా తిరిగింది. అంకెలు కదిలాయి. తన ఊపిరికి లీటర్ల లెక్క పడింది. ఆ అంకెలు వాళ్ళకు కనబడేటట్టు మీటరును బల్ల మధ్యకు జరిపి, ఇక ఎవరో ఒకరు లబోదిబోమంటారని ఎదురుచూసింది.

నవ్వులాయన నవ్వుతున్నాడు. లెక్కల అధికారి పురుగు కోసం వెతుకుతున్నాడు. బావ ఒక నారింజ పండు ఒలుస్తున్నాడు. ఒక్కో తొన మీద తెల్లటి పీచు గోటితో ఓపిగ్గా తీసి పక్కన పెడుతున్నాడు. ఆయన చేతులు ఆగనైనా ఆగలేదు. అప్పుడు తట్టింది మీటరమ్మకు. అవి ఆశ్చర్యపోయే మొహాలు కావు, తెలిసిన కథ ఇంకోసారి వింటున్న మొహాలు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా," అన్నాడు బావ. గేటు లోపల ఆయన ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదలు.

నవ్వులాయన అందుకున్నాడు. తమ మీటరులో తప్పేమీ లేదట. గాలికి చక్రం నీళ్ళకన్నా చాలా జోరుగా తిరుగుతుంది కాబట్టి, ఆ జోరు తగలగానే లెక్క ఆపేసే ఏర్పాటు లోపలే ఉందట. కంపెనీ ఆ ఏర్పాటు పని చేసేటట్టు పెట్టే పంపిందట. దాన్ని ఆపి ఉంచమని అడిగింది సంస్థవాళ్ళేనట. అడిగినదాన్ని కాదనడం తమ కంపెనీ పద్ధతి కాదట. సంస్థలో ఎవరు అడిగారని మీటరమ్మ అడగబోయేలోపే, బడిలో హాజరు పలికే పిల్లాడిలా బావ చెయ్యి కాస్త పైకెత్తాడు.

మీటరమ్మకు కోపం వస్తే బాగుండును, అది రాలేదు. కుర్చీ పట్టుకుని కూర్చుంది.

"ఇందులో నేనేమైనా తిన్నానా? తినలేదని నీకు తెలుసు," అన్నాడు బావ. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "సంస్థ పీకల దాకా మునిగి ఉంది. రేటు పెంచుతామంటే జనం రోడ్డు మీద కూర్చుంటారు. ఇలాగైతే ఎవరికీ నొప్పి తెలీదు. గాలైనా వచ్చింది మన పైపులోంచే కదా."

ఆ ఆఖరి మాటకు లెక్కల అధికారి మెచ్చుకోలుగా తలూపాడు. ఆ వాక్యం వాళ్ళు ఇంతకుముందు కూడా ఎన్నోసార్లు అనుకుని ఉంటారని ఆమెకు అర్థమైంది. అనగా అనగా అది అరిగి నున్నగా అయిపోయింది.

"మన ఇళ్ళకి గాలి రాదు బావగారూ," అంది మీటరమ్మ. సార్ అనే మాట ఆమె నోటికి రాలేదు. "ట్యాంకు పక్కన మీరుంటారు. పల్లంలో నేనుంటాను. గాలంతా పోయేది మెరక మీదికి. నీళ్ళు తక్కువొచ్చేదీ వాళ్ళకే, బిల్లు ఎక్కువొచ్చేదీ వాళ్ళకేనా?"

అందరికీ సమానంగా వచ్చేది ఏదుందో చెప్పమని బావ అడిగాడు. అడిగి, ఒలిచిన తొనలు ఒక తెల్ల కాగితం మీద వరసగా పేర్చి ఆమె ముందుకు జరిపాడు. చిన్నప్పుడు పరీక్షలకు చదువుకుంటుంటే ఆయన ఇలాగే పీచు తీసి పెట్టేవాడు. అక్కకు కూడా అంత శ్రద్ధగా పెట్టేవాడు కాదు. ఆ చేతులే ఇవి. మీటరమ్మ ఆ కాగితాన్ని ఒక్క వేలితో వెనక్కి తోసింది. ఆ వాసన వేలికి అంటుకుంటే చీర కొంగుకు తుడుచుకుంది. లంచం తినేవాడు కనీసం బల్ల కింద చెయ్యి పెడతాడు. దాచుకోవాల్సిన పని అని వాడికైనా తెలుసు. ఈయనకు దాచుకోవడానికి ఏమీ లేదు, అందుకే సిగ్గూ లేదు.

తన సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నానని ఆమె చెప్పింది. అది లేకుండా ఈ మీటరు ఊళ్ళో బిగించడానికి వీల్లేదు. కమిటీలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా మొత్తం వ్యవహారం బయటి నిపుణుల దగ్గరికి వెళ్ళాలి, అదీ నిబంధనే. బయటివాళ్ళు ఒక్కసారి మెరక మీది కుళాయి దగ్గర నిలబడితే చాలు, అంతా బయటపడుతుంది. అందుకే ఆమె సంతకం వాళ్ళకు కావాలి.

"వెనక్కి తీసుకుంటూ ఏమని రాస్తావు?" బావ అడిగాడు. "పైపులో గాలి తీసేసి పరీక్ష చేశాను, కాబట్టి పరీక్ష తప్పు అనా? గాలి తీయకుండా పరీక్ష చేసే మనిషెక్కడైనా ఉంటాడా అని నవ్వుతారు. నీ గదికి తాళం వేస్తారు."

"ఆ గాలి తీయడం నేర్పింది మీరే కదా."

"నేనే. నువ్వు ఏ రోజూ తీయకుండా మొదలుపెట్టవని కూడా నాకు తెలుసు. అందుకే ఈ మీటరు బయటెక్కడికీ పంపకుండా నీ గదికే పంపాను. నీ పేరంటే బోర్డులో ఎవరూ మారు మాట్లాడరు."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అదే మరీ రోత. దొంగ అయినా మారు తాళం చెవి కావాలంటే వీధిలో ఎవరిచేతనో చేయించుకుంటాడు. ఈయన మరదల్ని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని పని నేర్పి, ఆ పనితనాన్నే తెచ్చి వాడుకున్నాడు. ఆమె ఇన్నేళ్ళూ గర్వంగా చెప్పుకున్న అలవాటు, కుర్రాళ్ళకు కళ్ళెర్రజేసి నేర్పిన అలవాటు, ఆ నిమిషంలో ఎవరో నమిలి ఉమ్మినట్టు తోచింది. తన చేతులను కూడా చూసుకోబుద్ధి కాలేదు ఆమెకు.

నవ్వులాయన ఇక తన వంతు వచ్చిందని గ్రహించి, క్రీము వేళ్ళు బల్ల మీది గుడ్డకు తుడుచుకుని ఫోను తీశాడు. గోడ మీద తెర వెలిగింది. వీధి పటం, దాని మీద ఇంటికో పచ్చ చుక్క. ఈ మీటరులో ఉన్న అసలు గొప్ప ఇదేనట. బిల్లు కట్టనివాళ్ళ ఇంటికి మనిషిని పంపి గొడవపడక్కర్లేదు. ఇక్కడ కూర్చుని ఫోనులో నొక్కితే అక్కడ నీళ్ళు ఆగిపోతాయి. కమిటీ కళ్ళారా చూసి ఒప్పుకుంటే ఆ ముక్క కూడా నివేదికలో రాసుకోవచ్చు.

ఏ ఇంటి మీద చూపిస్తారని లెక్కల అధికారి అడిగాడు. చిట్టచివర మెరక మీది ఇల్లయితే బాగుంటుందన్నాడు నవ్వులాయన. సిగ్నల్ అందుకునే టవరుకు అదే అన్నిటికన్నా దూరం, అక్కడ పని చేస్తే ఎక్కడైనా పని చేసినట్టే. పైగా ఆ ఇంటి బిల్లు బకాయి ఉంది, నోటీసు కూడా వెళ్ళింది, కాబట్టి నిబంధనల చిక్కు లేదు. ఆ ఇల్లెవరిదో పాపం ఆయనకు తెలియదు.

మీటరమ్మకు తెలుసు. ఆ బకాయి తను కట్టేస్తానంటే పిన్ని ఊరుకోలేదు. "గాలికి డబ్బులివ్వాలా? నీ డబ్బు నీ మీటరుకే పొయ్యవే," అని తలుపు దాకా తరిమింది. బావకూ తెలుసు. అక్క కాన్పులన్నీ ఆ ఇంట్లోనే జరిగాయి. ఆయన పిల్లలు ఆ గచ్చు మీదే పాకారు. పిన్ని ఇప్పటికీ ఆయనకు ప్రత్యేకమైన కంచంలో వడ్డించి, ఆయన తిన్నాకే తను తింటుంది.

తెర మీద ఆ చుక్క పెద్దదయింది. కింద ఇంటి నంబరు వచ్చింది. బావ చూశాడు, గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడని మీటరమ్మ ఆయన మొహంలో కనిపెట్టింది. ఒద్దంటాడని ఆమె ఇంకా ఆశపడింది. ఇంత జరిగాక కూడా ఆశపడినందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది. బావ జేబురుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, దాన్ని మళ్ళీ మడతల ప్రకారం మడిచాడు.

"కానివ్వండి," అన్నాడు.

పచ్చ చుక్క ఎర్రబడింది. నవ్వులాయన చిన్నగా చప్పట్లు కొట్టాడు. లెక్కల అధికారి బాగుంది బాగుంది అన్నాడు. అది మధ్యాహ్నం నీళ్ళు వదిలే వేళ. మెరక మీద గాలంతా పోయి, నీళ్ళు రావడం మొదలయ్యే సమయం. పిల్లలు భోజనాలు చేసి ఎంగిలి చేతులు ముందుకు చాపుకుని కుళాయి దగ్గర చేరి ఉంటారు. గాలి వచ్చినంతసేపూ లెక్క పెట్టుకుని, నీళ్ళొచ్చే వేళకు నోరు మూసుకుంది ఆ మీటరు.

బావ లేచి వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. నివేదిక ఆఖరి పేజీ ఆమె ముందు పెట్టి, తన పెన్ను మూత తీసి దాని మీద ఉంచాడు. మిగతా ఇద్దరి సంతకాలూ అప్పటికే ఉన్నాయి. ఆయన వంగి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు మాట్లాడాడు.

"సంతకం పెట్టమ్మాయీ. నువ్వు పెన్ను కింద పెట్టేలోపు తెరిపిస్తాను. పాపం, పిల్లలున్న ఇల్లు."

పిల్లలున్న ఇల్లని ఆయనే అన్నాడు. ఆ గొంతులో జాలి కూడా ఉంది. నిజమైన జాలే. మీటరమ్మ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎక్కడా వికారం లేదు, శుభ్రంగా, ప్రేమగా ఉంది. ఇంతకన్నా అసహ్యమైన మొహం ఆమె జన్మలో చూడలేదు.

ఆమె పెన్ను అందుకుంది. కాగితం దగ్గరికి లాక్కుని తల వంచి రాయడం మొదలుపెట్టింది. బావ ఊపిరి వదిలి, నవ్వులాయన వైపు చెయ్యెత్తి, తెరవండన్నట్టు సైగ చేశాడు. నవ్వులాయన ఫోను మీద వేలు పెట్టబోయి, ఆమె వైపు చూసి ఆగాడు. మొదటిసారి ఆయన మొహం మీద నవ్వు లేదు. లెక్కల అధికారి కూడా, భుజం సంగతి మరిచిపోయి, ఆమె చేతినే చూస్తున్నాడు.

సంతకానికి పట్టే సమయం ఎప్పుడో అయిపోయింది. ఆమె చెయ్యి ఇంకా ఆగలేదు.